పక్కకు పోయే బండి

గోవర్ధన్ కారెక్కితే గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చని నారాయణఖేడ్ చుట్టుపక్కల పేరుండేది. ఉద్యోగమంతా డిపో బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. ముందు మామూలు సీట్లు, వెనక ఎదురెదురుగా రెండు బల్లలు ఉన్న పొడుగు బండి అది. పొద్దున్నే రోగులను ఎక్కించుకుని బీదర్ దవాఖానలకు తీసుకుపోయేవాడు. వాళ్ళు చూపించుకున్నాక తిరిగి ఎవరి ఊళ్ళో వాళ్ళను దింపేవాడు. బస్సులో నిలబడలేని ముసలివాళ్ళు, నెలలు నిండిన ఆడవాళ్ళు, కట్లతో ఉన్నవాళ్ళు ఆయన కోసమే ఆగేవాళ్ళు.

వాళ్ళలో మనూర్ ఊరి రిబ్కమ్మ ఒకరు. ఒకప్పుడు అంగన్‌వాడీ నడిపిన మనిషి. చక్కెర జబ్బుతో మడమ మీద పుండు లేచి మానక, వారం వారం కట్టు మార్పించుకోవడానికి బీదర్ పోయేది. వెనక బల్ల మీద పక్కకు తిరిగి కూర్చుని, జబ్బు కాలును బల్ల పొడుగునా చాపుకునేది. గోవర్ధన్‌ను తమ్మి అనేది. ఆయన బండిలో కాలుకు కుదుపు తెలియదని అందరికీ చెప్పేది.

వానలు తగ్గి, పొలాల్లో సోయా కోతలు మొదలైన రోజుల్లో కారు తీరు మారింది. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ కదపకపోయినా బండి మెల్లగా ఎడమకు లాగేది. సరిచేస్తే కాసేపటికి కుడికి జారేది. మళ్ళీ సరిచెయ్యాలి. స్టీరింగ్‌లో ముందులాంటి బిగువు లేదు. బీదర్ చేరేసరికి గోవర్ధన్ భుజాలు పట్టేసేవి. చక్రాల్లో గాలి తక్కువుందేమోనని నింపించాడు. మారలేదు. ముందు టైర్లు అరిగాయేమోనని మార్పించాడు. అదీ పని చెయ్యలేదు.

బీదర్ రోడ్డులో ఇజాజ్ షెడ్డు ఉంది. గోవర్ధన్ బస్సు నడిపే రోజుల నుంచీ ఇజాజ్ ఎరుకే. అతను కారు ముందు భాగాన్ని జాకీ మీద లేపి, చక్రాలను రెండు చేతులతో పట్టి ఊపి చూశాడు. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కీళ్ళు అరిగి వదులయ్యాయన్నాడు. అవి మార్చి, జహీరాబాద్‌లో చక్రాల అలైన్‌మెంట్ చేయించుకు రమ్మన్నాడు. అంతా అయ్యాక తనే కారెక్కి కొంత దూరం వెళ్ళి వచ్చాడు. బండి తీరుగానే పోయింది. ఇగ స్టీరింగ్‌లో ఏ వంకా లేదని చెప్పి చాయ్ తెప్పించాడు.

ఆ చాయ్ గ్లాసు ఎత్తినప్పుడే గోవర్ధన్‌కు ఆ సంగతి కనపడింది. గ్లాసు పట్టుకున్న తన చెయ్యి సన్నగా వణుకుతోంది. ఇజాజ్ కూడా ఆ చేతినే చూస్తున్నాడు. చూసి, చూపు తిప్పుకుని, వేరే మాట ఎత్తుకున్నాడు.

గోవర్ధన్ తండ్రి సంగయ్యకు చివరి రోజుల్లో చేతులు వణికేవి. మొదట చెంబులో నీళ్ళు తొణికేవి. తర్వాత ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. ఇంట్లో ఎవరో ఒకరు కలిపి తినిపించాల్సి వచ్చేది. ఎక్కువగా తినిపించింది గోవర్ధనే. అప్పుడు ఆయన మొహం గోడ వైపు తిప్పుకుని నమిలేవాడు. ఇప్పుడు తన చెయ్యి చూసుకున్నప్పుడల్లా గోవర్ధన్‌కు ఆ మొహమే గుర్తొచ్చేది. ఆ తర్వాత రోగులను ఎక్కించుకుని పోతే బండి మళ్ళీ పక్కకు లాగింది. బండి మంచిగైందని మెకానిక్కే అన్నాక, ఇంకా పక్కకు పోతోందంటే తప్పు తన చేతులదే కావాలి. భార్య ఇంద్రమ్మకు గానీ కూతురికి గానీ చెప్పలేదు. స్టీరింగ్ ఇంకా గట్టిగా పట్టుకుని నడపసాగాడు.

ఒక పొద్దున మనూర్ దాటాక, వాగు వంతెన మీద, ఎదురుగా సోయా బస్తాల ట్రాక్టర్ వస్తోంది. వంతెన మొదట్లో రోడ్డు కొంచెం ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు ఎక్కి దిగగానే కారు ఒక్కసారిగా కుడికి, ట్రాక్టర్ వైపు ఒరిగింది. గోవర్ధన్ బలమంతా పెట్టి లాగాడు. బండి ఎడమకు వచ్చి, వంతెన గోడకు అద్దం రాసుకుని, నిలదొక్కుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెనక కూర్చున్నవాళ్ళు బీదర్ దాకా బల్లల అంచులు వదల్లేదు.

ఆ కబురు సాయంత్రానికి నారాయణఖేడ్ దవాఖానకు చేరింది. గోవర్ధన్ కూతురు శ్రీవాణి అక్కడే నర్సు. ఆమె ఇంటికొచ్చి తండ్రిని కోప్పడలేదు. చేతులు రెండూ ముందుకు చాపమని, వాటి మీద ఒక కాగితం పెట్టింది. కాగితం అంచులు గాలికి కదిలినట్టు కదిలాయి. ఇది ఎప్పటినుంచని అడిగితే గోవర్ధన్ చేతులు వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు ఆమె తన దవాఖానలో డాక్టరుకు చూపించింది. నరాల సంగతి కావచ్చని, హైదరాబాద్‌లో పెద్ద డాక్టరుకు చూపించాలని, అప్పటిదాకా బండి నడపొద్దని ఆయన చెప్పాడు. వచ్చే వారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. గోవర్ధన్ ఇంటికి వచ్చి తాళంచెవులు కూతురి చేతిలో పెట్టాడు.

"అమ్మేద్దాం బిడ్డా. ఇంటి ముంగట అది కనవడితే నాకు మంచిగుండదు," అన్నాడు.

శ్రీవాణి సరే అనలేదు, వద్దనీ అనలేదు. డాక్టరు చూసినంక మాట్లాడుకుందామంది.

రిబ్కమ్మ కట్టు మార్పించుకునే రోజు దగ్గరపడింది. ఆమె ఫోన్ చేస్తే గోవర్ధన్ తీయలేదు. శ్రీవాణికి చేసింది. ఆటోలో కాలు చాపుకునే చోటు లేదు. బస్సు ఎక్కే శక్తి లేదు. కట్టు ఆలస్యమైతే పుండు ముదురుతుందని శ్రీవాణికి తెలుసు. ఆమెకు కారు నడపడం వచ్చు, తండ్రే నేర్పాడు. కానీ ఊరు దాటి ఎప్పుడూ నడపలేదు. ఆ రోజు సెలవు పెట్టి తనే బయల్దేరింది. ఇంద్రమ్మ గేటు దాకా వచ్చి నిలబడింది. గోవర్ధన్ లోపలే ఉండిపోయాడు.

మనూర్ దాకా ఖాళీ బండి. మెల్లగా పోయినా బాగానే పోయింది, శ్రీవాణికి ధైర్యం వచ్చింది. మనూర్‌లో రిబ్కమ్మ, ఆమె కోడలు, ఇంకో ఇద్దరు రోగులు, వాళ్ళ తోడు వచ్చినవాళ్ళు ఎక్కారు. వెనక బల్లలు నిండాయి. ఊరు దాటి కొంచెం వేగం పెంచగానే కారు ఆమె మాట వినడం మానేసింది. తిప్పిన కాసేపటికి గానీ తిరగదు. తిరిగితే అవసరమైనదానికన్నా ఎక్కువ తిరుగుతుంది. సరిచేసేలోపు ఇంకో పక్కకు జారుతుంది. గుంత వచ్చిందంటే చాలు, వెనక నుంచి ఎవరో పట్టి పక్కకు నెట్టినట్టు ఉంటుంది. తనకు నడపడం సరిగ్గా రాకనే ఇలా అవుతోందనుకుంది.

అప్పుడు వెనక నుంచి రిబ్కమ్మ అంది:

"బిడ్డా, నువ్వు తిప్పకముందే ఎనక బల్ల పక్కకు జరుగుతుంది. చూసుకుంటున్నవా?"

శ్రీవాణి కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది. వెనక్కి తిరిగి, మళ్ళీ చెప్పమంది.

"గుంతల వడ్డప్పుడు ముంగట నువ్వు సక్కగనే ఉంటున్నవ్. నా కింద ఉన్నదే అటు పోతుంది. నా కాలు చాపుకుని ఉంటది గద, దానికి తెలుస్తది. గోవర్ధన్ తమ్మి నడిపినప్పుడు గూడ గిట్లనే. గాయన జల్దీ సర్దుకుంటడు, నీకు ఇంక చేతగాలే, గంతే."

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, రోడ్డే అట్లా ఉందనుకున్నానంది రిబ్కమ్మ.

శ్రీవాణి స్టీరింగ్ మీదికి చూసుకుంది. తన చేతులు వణకడం లేదు. కళ్ళు బాగున్నాయి. అయినా బండి పక్కకు పోతోంది. తండ్రి చేతుల మీద కాగితం పెట్టి చూసింది, డాక్టరుకు చూపించింది, హైదరాబాద్‌లో రోజు ఖాయం చేసింది. కారును మాత్రం మళ్ళీ ఎవరికీ చూపించలేదు. మిగతా దారంతా సైకిలంత మెల్లగా నడిపి, బీదర్ చేర్చి, అందరినీ తిరిగి ఇళ్ళకు దింపింది. దింపాక ఇంటికి పోకుండా నేరుగా ఇజాజ్ షెడ్డుకు తీసుకుపోయింది.

ఇజాజ్ మొదట ఒప్పుకోలేదు. తను స్వయంగా నడిపి చూశానన్నాడు. అప్పుడు బండిలో ఎంతమంది ఉన్నారని శ్రీవాణి అడిగింది. ఎవరూ లేరు, తనొక్కడే.

"మా దగ్గర గుండె నొప్పోళ్ళు వస్తరు. మంచం మీద పండవెడితే అంతా మంచిగనే కనవడ్తది. నడిపిచ్చి చూస్తెనే తెలుస్తది. గీ బండిని నువ్వు పండవెట్టే చూసినవ్," అంది.

ఇజాజ్ షెడ్డు బయటికి చూశాడు, చీకటి పడుతోంది. పొద్దున వెలుతురులో, బరువు వేసి చూద్దామన్నాడు. గోవర్ధన్ కాకను కూడా తీసుకు రమ్మన్నాడు.

గోవర్ధన్ రానన్నాడు. కూతురు తనను ఊరడించడానికే ఇదంతా అంటోందని అనుకున్నాడు. శ్రీవాణి రిబ్కమ్మ చెప్పిన మాట, తన చేతుల్లో బండి ఎట్లా పోయిందీ అన్నీ ఒకటొకటిగా చెప్పింది. చివరికి ఇంద్రమ్మ ఆయన చొక్కా తెచ్చి పక్కన పెట్టింది. ఆయన తొడుక్కున్నాడు.

పొద్దున షెడ్డు ముందు రోడ్డు ఖాళీగా ఉంది. ఇజాజ్ బకెట్లతో రోడ్డుకు అడ్డంగా నీళ్ళు పోయించాడు. ముందు ఖాళీ కారును ఆ నీళ్ళ మీదుగా తిన్నగా నడిపాడు. పొడి తారు మీద రెండు తడి గీతలు పడ్డాయి. ముందు చక్రాలు పోయిన దారిలోనే వెనక చక్రాలూ పోయాయి. ఆ తర్వాత పక్కన పిండి మిల్లు నుంచి జొన్న బస్తాలు తెచ్చి వెనక బల్లల మధ్య వేశారు. ఇజాజ్ కారును దూరం నుంచి తెచ్చి, స్పీడ్ బ్రేకర్ దాటించి, మళ్ళీ నీళ్ళ మీదుగా పోనిచ్చాడు.

గోవర్ధన్ రోడ్డు మీద గొంతుక్కూర్చుని చూశాడు. ఈసారి తడి గీతలు నాలుగు. ముందు చక్రాల గీతల పక్కనే, కొంచెం కుడికి జరిగి, వెనక చక్రాలవి వేరేగా పడ్డాయి. కొంత దూరం పోయాక రెండూ మళ్ళీ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. బస్సులు నడిపిన మనిషి. చూసిన వెంటనే అర్థమైంది. ఆ గీతల మీద వేలు పెట్టి, కూతురి వైపు కాకుండా నేల వైపే చూస్తూ అన్నాడు:

"ఎనక ఇరుసు జరుగుతుంది. ముంగట ఎంత సక్కగ పట్టుకున్నా, ఎనకది దాని దారిన అది పోతుంది."

బండిని షెడ్డులోకి తోసి వెనక భాగం లేపారు. గోవర్ధన్ తనే కింద దూరాడు. వెనక చక్రాల ఇరుసు, కుదుపును మింగే కమాన్ పట్టీల మీద కూర్చుని ఉంటుంది. పట్టీలన్నిటినీ గుచ్చి, ఇరుసును వాటి మీద ఒకచోట నిలబెట్టేది నడుమ ఉన్న ఒక బోల్టు. దాని చుట్టూ వానాకాలం బురద అంతా ఎండి గట్టిగా పట్టి ఉంది. పైనుంచి చూస్తే అన్నీ బిగుతుగానే ఉన్నట్టుంది. ఇజాజ్ బురద గీకాడు. లోపల తుప్పు పట్టిన ఇనుము మధ్యలో ఒక చోట వెండిలాగ తళతళ మెరుస్తోంది. కదలని ఇనుము అలా మెరవదు. గడ్డపార పెట్టి ఎత్తితే ఇరుసు పట్టీ మీద పక్కకు జరిగింది. లోపల బోల్టు తల తెగిపోయి ఉంది. ఇరుసును పట్టి ఉంచాల్సిన పక్క బోల్టులు సాగిపోయాయి. పట్టీల చివర్లలో రబ్బరు బుష్‌లు కూడా పిండి పిండి అయ్యాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఇరుసు దాని చోట అది కూర్చుంటుంది. మనుషులు ఎక్కి, గుంతలో పడితే జరుగుతుంది.

ఇజాజ్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ముంగట వదులుందని ముంగటనే చూసిన కాకా. ఎనక చూడలే. నిన్ను గూడ తప్పు చూసిన," అన్నాడు.

గోవర్ధన్ అతని భుజం మీద చెయ్యేసి, నేను గూడ గట్లనే చూసుకున్న కదా అన్నాడు.

బోల్టులు, బుష్‌లు జహీరాబాద్ నుంచి తెప్పించి ఇజాజ్ అన్నీ కొత్తవి వేశాడు. మళ్ళీ జొన్న బస్తాలతో, మళ్ళీ నీళ్ళ మీదుగా నడిపి చూశాడు. గీతలు రెండే పడ్డాయి. అప్పుడు అలైన్‌మెంట్ కూడా మరోసారి చేయించారు. అయినా శ్రీవాణి తాళంచెవులు ఇవ్వలేదు. బండి రోగం తేలింది గానీ మనిషిది ఇంకా తేలలేదంది. గోవర్ధన్ వాదించలేదు. ఇద్దరూ బస్సెక్కి హైదరాబాద్ పోయారు.

అక్కడి డాక్టరు ఆయనను నడిపించింది, వేళ్ళు ముక్కుకు తాకించమంది, గుండీలు పెట్టించి తీయించింది, మోచేతులు మడిచి చాపి చూసింది. రక్త పరీక్షలు చేయించింది. తండ్రికి ఎట్లా ఉండేదో అడిగి చాలాసేపు వింది. ఈయనది ఆ జబ్బు కాదంది. వయసుతో కొందరికి వచ్చే సన్న వణుకు కొంత ఉంది. వారాల తరబడి స్టీరింగ్‌ను పిడికిళ్ళు బిగించి పట్టుకోవడంతో చేతులు, భుజాలు అలిసి అది ఎక్కువైంది. చాయ్ తగ్గించమని, చేతులకు కసరత్తు చెయ్యమని చెప్పింది. పగటిపూట బండి నడపొచ్చు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలి. ఏమైనా పెరిగితే ముందే రావాలి.

బయటికి వచ్చాక గోవర్ధన్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. శ్రీవాణి నీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన బాటిల్ పట్టుకున్న చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. దాన్ని దాచుకోకుండా తాగాడు.

కొన్నాళ్ళు చేతులకు విశ్రాంతి ఇచ్చాక, ఒక పొద్దున కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని కారు తీశాడు. మనూర్ రోడ్డులో బండి పాములా వంకరలు పోవడం చూసి ఆయన మొహం మాడిపోయింది. ఇంకా ఏదో మిగిలిందన్నాడు. శ్రీవాణి స్టీరింగ్ మీద ఆయన చేతులనే చూస్తోంది.

"నాయినా, బండి సక్కగనే ఉంది. నువ్వే తిప్పుతున్నవ్. జర ఇడువు."

ఆయన నమ్మలేదు. అయినా వేళ్ళు వదులు చేశాడు. చేతులు తమంతట తామే ఎడమకు, కుడికి సర్దబోయాయి. ఆపుకున్నాడు. కారు కదలకుండా రోడ్డు మధ్యగీత పక్కన తిన్నగా పోసాగింది. కంది చేలు, పత్తి చేలు, ఎదురొచ్చే ఆటోలు, అన్నీ వాటి దారిన అవి వెనక్కి పోతున్నాయి. ఇన్ని వారాలు బండితో కుస్తీ పట్టిన చేతులకు ఇప్పుడు చేసే పని లేదు. వంతెన ఎత్తు మీద కూడా బండి లేచి, దిగి, ఉన్న దారిలోనే పోయింది. గోవర్ధన్ వంతెన దాటాక బండి ఆపి, ఇంజన్ బంద్ చేశాడు.

అప్పుడు చెప్పాడు, సంగయ్యకు ముద్దలు కలిపి పెట్టిన సంగతి. శ్రీవాణికి తాత చేతులు వణికేవని తెలుసు గానీ, ఆయన గోడ వైపు తిరిగి తినేవాడని తెలియదు. తన చెయ్యి వణికిన రోజు నుంచీ తిండి దగ్గర కూర్చోవాలంటేనే పరేషాన్ అయ్యేదన్నాడు గోవర్ధన్. అందుకే చెప్పలేదన్నాడు.

"రేపు నీకు వణికినా నేనే తినిపిస్త. గోడ దిక్కు తిరగనియ్య," అంది శ్రీవాణి.

ఆయన నవ్వి, బండి దిగి ఆమె తలుపు వైపు వచ్చాడు. తిరుగు దారి నువ్వు నడుపు అన్నాడు. ఆమె నడిపింది. మంచిగా చేసిన బండి ఎట్లా ఉంటుందో ఆమెకు కూడా అప్పుడే తెలిసింది.

మళ్ళీ బీదర్ ప్రయాణాలు మొదలయ్యాయి. చీకటి పడేలోపు తిరిగి వచ్చేట్టు గోవర్ధన్ పొద్దున ఇంకా ముందే బయల్దేరుతున్నాడు. శ్రీవాణికి సెలవున్న రోజుల్లో సగం దారి ఆమె నడుపుతోంది. ఆమె నడిపినప్పుడు గోవర్ధన్ వెనక బల్ల మీద రోగులతో కబుర్లు చెబుతూ కూర్చుంటాడు. ఎక్కేవాళ్ళు మొదట్లో ఆలోచించినా, రిబ్కమ్మే ముందు ఎక్కి కాలు చాపుకుని కూర్చునేసరికి మిగతావాళ్ళూ ఎక్కారు.

చలికాలం చివర్లో రిబ్కమ్మ మడమ పుండు పూర్తిగా మూసుకుంది. ఇక కట్టు అక్కర్లేదని, వారం వారం రావద్దని బీదర్ డాక్టరు చెప్పాడు. ఆమె బయటికి వచ్చి, కొత్త చెప్పుల్లో జాగ్రత్తగా అడుగులేస్తూ కారు దగ్గరికి నడిచింది. ఇగ నిన్ను ఎక్కించుకునే పని లేదన్నమాట అక్కా, అన్నాడు గోవర్ధన్.

"ఎందుకుండదు? దవాఖానకు రాకపోతె ఏమాయె, బీదర్ల చీరలు చూడనీకి రావొద్దా? ముంగట సీటు నాకు పెట్టు," అంది రిబ్కమ్మ.

గోవర్ధన్ ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి కూర్చుంది.